వెంకాయమ్మ గారి డొమైన్

బాక్టీరియాకి నోరుంటే నా పరువు ఈపాటికి ఏడు ఖండాల్లోనూ పోయుండేది. దానికి నోరు లేకపోబట్టి, మాదాపూర్‌లో ఒక అద్దె మేడ మీద, షామియానా కింద, నలభై మంది ఎదుట మాత్రమే పోయింది. ఆ నలభై మందికీ ఆ రోజు జీడిపప్పు పకోడీ, కాఫీ ఇచ్చాం కాబట్టి వాళ్లకి నా మీద పెద్దగా కోపం ఉండదని నా నమ్మకం. మీకు పకోడీ పెట్టలేను, కథ మాత్రం చెబుతాను. మధ్యలో కాస్త సైన్సు అడ్డం వస్తుంది. భయపడకండి. అప్పట్లో నాకూ మీకు తెలిసినంతే తెలుసు. కాకపోతే ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలీదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రాయదుర్గం గుట్టల్లో బండలు పేల్చినప్పుడల్లా మా ఆఫీసు కిటికీలు గడగడలాడేవి. ఎదురుగా అద్దాల మేడ, పక్కన గేదెలు, మధ్యలో మా కంపెనీ. దాని యజమాని చక్రధరరావు గారు. మేమంతా ఎండీ గారనేవాళ్లం. ఆయన అంతకుముందు భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవారు. ఒక ఏడు ఏదో జబ్బు తగిలి చెరువులన్నీ తెల్లారేసరికి తెల్లబోయాయి. ఇంకొకరైతే నెత్తిన చెయ్యి పెట్టుకునేవారు. ఎండీ గారు మాత్రం, "కంటికి కూడా ఆనని పురుగు ముప్పై ఎకరాలు మింగేసిందంటే దాన్లో ఏదో విషయం ఉందయ్యా. ఇహ దాంతోనే వ్యాపారం," అని హైదరాబాదు బస్సెక్కేశారు.

ఇప్పుడు ఆ కాస్త సైన్సు. బాక్టీరియాలు పక్క బాక్టీరియాల్ని చంపడానికి చిన్న చిన్న పెప్టైడ్లు తయారు చేసుకుంటాయి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పూసలు గుచ్చిన పొట్టి దండ. గుచ్చినంత మాత్రాన అది దేనికీ పనికిరాదు. దాన్ని మెలిపెట్టి, ముడేసి, అక్కడక్కడా కత్తిరించి పదును పెట్టే ఎంజైములు వేరే ఉంటాయి. ఆ ఎంజైములూ దండలే, కాకపోతే చాంతాడంత దండలు, అంటే ప్రొటీన్లు. ఒక్కో రకం పూసకి ఒక్కో ఇంగ్లీషు అక్షరం గుర్తు. మా దగ్గర తొమ్మిది బాక్టీరియాల నుంచి తెచ్చిన తొమ్మిది ఎంజైములున్నాయి. వాటి అక్షరాల్ని కంప్యూటర్లో ఒకదాని కింద ఒకటి పేర్చి, తొమ్మిదింట్లోనూ మారకుండా మిగిలిపోయిన ముక్క ఎక్కడుందో పట్టుకోవాలి. కోట్ల ఏళ్లలో అన్నీ మారి అదొక్కటే మారలేదంటే, అది లేనిదే ఎంజైముకి పని జరగదన్నమాట. అలాంటి ముక్కని డొమైన్ అంటారు. దాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం.

ఉద్యోగం అన్నానుగానీ అది ఇంకా ప్రొబేషనే. ఆరు నెలల్లో ఏదో ఒకటి కనిపెడితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. ఐదు నెలలు గడిచాయి. నేను కనిపెట్టింది ఒకటే, మా ఆఫీసు వైర్లు కొరికే ఎలుక జిరాక్సు మిషన్ వెనక కాపురం ఉంటోందని. ఇంతలో ఎప్పుడో రాసిన పరీక్ష ఫలించి, ఏలూరులోని జిల్లా పరిషత్తులో జూనియర్ అసిస్టెంటుగా చేరమని ఆర్డరు వచ్చింది. నెల రోజుల్లోగా చేరాలి, లేకపోతే రద్దు. మా నాన్నగారు ఆ ఆర్డరుకి పసుపు బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచారు.

నాన్నగారు తాలూకాఫీసులో రికార్డు కీపరు. లేబుల్ లేని వస్తువు మా ఇంట్లో ఉండకూడదు. ఉప్పు డబ్బా మీద 'ఉప్పు' అనీ, ఖాళీ డబ్బా మీద 'ఖాళీ' అనీ రాసి ఉండేది. ఆ రక్తమే నాలోనూ ప్రవహిస్తోంది. హైదరాబాదు రాగానే ఓ ప్రెస్సులో ఐదువందల లేబుళ్లు అచ్చు వేయించాను. 'కె. సూర్యనారాయణ, ఎమ్మెస్సీ, మదీనాగూడ, హైదరాబాదు' అని ఎర్ర అంచుతో. కుర్చీకి అంటించాను. మానిటరుకి అంటించాను. మంచినీళ్ల సీసాకి రెండు అంటించాను. చేతికి అందిన ప్రతి వస్తువుకీ నా పేరుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. ఈ అలవాటు గుర్తు పెట్టుకోండి, ముందు ముందు కాటు వేస్తుంది.

కింద అంతస్తులో ల్యాబు. దానికి అధికారిణి మేరీ సునీత మేడం, హనుమకొండ ఆవిడ. ఆ తొమ్మిది ఎంజైముల్నీ తన చేత్తో తయారుచేసిన మనిషి. ఆవిడ చెల్లెలి పెళ్లికి నెల రోజులు సెలవు పెట్టి వెళ్తూ, నా టేబుల్ మీద ఒక ఫ్లాపీ పెట్టారు.

"సూర్యం తమ్మీ, తొమ్మిదింటి అక్షరాలు దీంట్లనే ఉన్నయ్. అంత రాసి పెట్టిన. ఫికర్ చెయ్యకు."

"మీరు నిశ్చింతగా వెళ్లిరండి మేడం. మీరొచ్చేసరికి ఏదో ఒకటి తేల్చేస్తాను."

"ఆగమాగం చెయ్యకు. మెల్లగ చెయ్యి."

ఆవిడ ఆటో ఎక్కీ ఎక్కకముందే నేను నా విధి నిర్వర్తించాను. ఫ్లాపీ మీద ఏదో నలిగిన కాగితం ముక్క, పెన్సిలు రాత, చూడటానికి బాగాలేదు. దాని మీద నా ఎర్ర అంచు లేబుల్ నిండుగా అతికించి, బొటనవేలితో మూడుసార్లు రుద్దాను.

మర్నాడు అక్షరాలు పేర్చే ప్రోగ్రామ్ నడిపాను. ప్రింటరు ఓ గంటసేపు కీచుమని అరిచి, మడతలు మడతలుగా కాగితం కక్కింది. చూద్దును కదా, తొమ్మిది వరసలకీ మొట్టమొదటి ఇరవై అక్షరాలూ ఒకటే! దగ్గరగా కాదు, సుమారుగా కాదు, అచ్చు గుద్దినట్టు ఒకటే. అందులో ఓ చోట ఆరు హెచ్‌లు వరసగా, రిపబ్లిక్ డే కవాతులో సిపాయిల్లా నిలబడి ఉన్నాయి. మిగతాదంతా కలగాపులగం. నేను కుర్చీలోంచి లేచాను. మళ్లీ కూర్చున్నాను. నా చెయ్యి నేనే పట్టుకుని కరచాలనం చేసుకుని, కాగితం చంకన పెట్టుకుని ఎండీ గారి గదిలోకి పరుగెత్తాను.

"ఏంటయ్యా సూర్యం, కరెంటు షాకు కొట్టినోడిలా ఉన్నావ్?"

"దొరికిందండి!"

"ఎలకా?"

"ఎలక కాదండి, డొమైను! తొమ్మిదింట్లోనూ ఉందండి. ఇరవై అక్షరాలు. ఒక్కటంటే ఒక్కటి మారలేదు."

ఎండీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కటీ మారలేదా? అదెలాగయ్యా? మా చెరువులో ఒకే తల్లి గుడ్లు పెట్టినా, రెండు రొయ్యలు ఒక్కలా ఉండేవి కాదు."

వినండి, పాఠకులారా. భగవంతుడు నాకు మొదటి హెచ్చరిక ఇక్కడ, రొయ్యల రూపంలో పంపాడు. నేనేమన్నానో తెలుసా?

"రొయ్యలు వేరండి, సైన్సు వేరండి."

"ఓహో," అన్నారు ఎండీ గారు, గౌరవంగా.

రెండో హెచ్చరిక మర్నాడు వచ్చింది. ఆ ఇరవై అక్షరాల్నీ మెయిల్లో పంపితే, ప్రపంచంలో తెలిసిన ప్రొటీన్లన్నింటితో పోల్చి జాబు పంపే కంప్యూటరు ఒకటి విదేశాల్లో ఉండేది. మా మోడెం ఓ పూటంతా కూనిరాగాలు తీసి ఎలాగో పంపింది. జాబు వచ్చింది. నా డొమైను ఉందిట! మనిషి ప్రొటీన్లో ఉంది, ఎలుక ప్రొటీన్లో ఉంది, వరిలో ఉంది, సముద్రంలో తేలే జెల్లీఫిష్‌లో ఉంది. అన్నిచోట్లా ఆ ఆరు హెచ్‌లే.

బుద్ధున్నవాడెవడైనా ఇక్కడ ఆగి, "జెల్లీఫిష్‌కీ వరికీ మా మాదాపూర్ బాక్టీరియాకీ ఏమిటీ చుట్టరికం?" అని అడిగేవాడు. నేనూ అడిగాను. అడిగి, నాకు నేనే జవాబు చెప్పుకున్నాను: ఇది మామూలు డొమైను కాదు, సృష్టికి మూలం! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాళ్లని చూశాం. నేను పట్టిన కుందేలుకి ఆరు కాళ్లు, ఆరూ హెచ్‌లే.

ఎండీ గారు ఈసారి కుర్చీలోంచి లేచి నుంచున్నారు. "సూర్యం, సభ పెట్టాలి. నీ ప్రొబేషన్ అయ్యే శనివారమే పెడదాం. నీ పర్మనెంటు ఆర్డరు స్టేజీ మీదే ఇస్తాను. శాలువా కూడా. ముందు దీనికో పేరు పెట్టు."

నేను వినయంగా నేల చూపులు చూశాను. "సూర్య డొమైను అంటే ఎలా ఉంటుందండీ?"

"సూర్యుడి పేరు సూర్యుడికి ఉంది కదయ్యా, మళ్లీ ఎందుకు?" అని ఆయన కాసేపు గోడకేసి చూశారు. "మా అమ్మ పేరు పెడదాం. చెరువులు పోయినప్పుడు ఆవిడ ఒంటి మీద బంగారం తీసిచ్చింది. ఒక్క మాట అన్లేదు. వెంకాయమ్మ డొమైను. ఏమంటావ్?"

నేనేమంటాను? ఆలు లేదు, చూలు లేదు, డొమైను పేరు వెంకాయమ్మ. అలా నామకరణం జరిగిపోయింది.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతులోంచి నాన్నగారికి ఫోన్ చేశాను.

"నాన్నా, నేను కనిపెట్టాను!"

"ఏం కనిపెట్టావురా?"

"బాక్టీరియాలో ఓ ముక్క."

"తినడానికి పనికొస్తుందా?"

"కాదు నాన్నా."

"ఒంటికి రాసుకోడానికా?"

"కాదు. అది లేకపోతే సృష్టే లేదు నాన్నా!"

"సృష్టి సంగతి చూసుకోవడానికి వేరే ఆయన ఉన్నాడు కదరా. జిల్లా పరిషత్తులో సోమవారం ఆఖరు రోజు. ఆదివారం బయల్దేరి వచ్చెయ్యి."

"రాను నాన్నా. ఆ ఉద్యోగం నాకొద్దు."

నాన్నగారు ఫోన్ పెట్టేశారు. ఆయన కోపం నాకు ఎంత భయమో, ఆ రోజు అంత గర్వంగా అనిపించింది. మర్నాడే 'తమరి ఉద్యోగం నాకు అవసరం లేదు' అని ఒక ఉత్తరం రాసి, కవర్లో పెట్టి, లేబుళ్లు అంటించి, రిజిస్టరు పోస్టులో పంపేశాను. ఇహ ఏలూరు వైపు వంతెన నా చేత్తో నేనే కూల్చుకున్నాను. మిగిలింది మాదాపూరే.

శనివారం వచ్చింది. మేడ మీద షామియానా వేశారు. గోడకి తొమ్మిది వరసల కాగితం తోరణంలా కట్టి, మొదటి ఇరవై అక్షరాల చుట్టూ నేను ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీశాను. ముఖ్య అతిథిగా ఓ రిటైరైన ప్రొఫెసర్ గారు వచ్చారు. ఆయన సబ్జెక్టు పశువుల మేత. మొదటి వరసలో పట్టుచీర కట్టుకుని, చేతిలో విసనకర్రతో వెంకాయమ్మ గారు కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. మేమంతా మామ్మగారనేవాళ్లం.

నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో అంతా చెప్పను, కొంత సిగ్గు నాకూ ఉంది. 'బాక్టీరియా నుంచి భగవంతుడి దాకా' అన్నట్టు మాత్రం గుర్తు. ప్రొఫెసర్ గారు మైకు అందుకుని, ఇలాంటి అద్భుతం తన ముప్పై ఏళ్ల అనుభవంలో చూడలేదనీ, ఈ యువకుడి వల్ల పశువుల మేతకి కూడా ఎంతో మేలు జరుగుతుందనీ అన్నారు. చప్పట్లు. ఎండీ గారు శాలువా మడత విప్పారు. జేబులోంచి నా ఆర్డరు కాగితం సగం బయటికి కనిపిస్తోంది.

అప్పుడు మామ్మగారు విసనకర్ర ఆపి, "చక్రం, ఆగరా. నా పేరు ఎక్కడ రాశారో నన్ను చూడనీ," అన్నారు.

నేనే చెయ్యి పట్టుకుని కాగితం దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుని, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా వంగారు.

"ఇవన్నీ ఏంటి నాయనా?"

"తొమ్మిది ఎంజైములు మామ్మగారూ. ఒక్కో వరసా ఒక్కోటి."

"ఒకే చోటివా?"

"కాదండి. వేరు వేరు బాక్టీరియాలవి."

"మిగతా రాతంతా ఏదో గజిబిజిగా ఉంది. ఇవి మాత్రం అన్నింటికీ ఒకటేనా?"

"అదేనండి గొప్ప!"

"అన్నిటికీ అంచునేనా?"

"అంచునేనండి. మొట్టమొదట. ఒక్క అక్షరం తేడా లేదు."

ఆవిడ వేలితో పై నుంచి కిందకి ఆ ఆరు హెచ్‌ల మీద తడుముకుంటూ వచ్చి, నిటారుగా నిలబడి, చాలా మామూలుగా అడిగారు.

"మరి ఇవి ఎవరి సామాను నాయనా?"

"అంటే?"

"గిన్నెల మీద పేరు కొట్టించినట్టుంది కదా. మా ఇంట్లో గంగాళం ఉంది, గరిటె ఉంది, చెంబుంది, పప్పు గుత్తుంది. ఏ వస్తువు ఆకారం దానిదే. అంచున మాత్రం అన్నిటికీ ఒకటే అక్షరాలు. పెళ్లిళ్లకి ఇచ్చినప్పుడు కలిసిపోకుండా నేను కొట్టించాను. అంతేగానీ ఆ అక్షరాలు గంగాళంతో పుట్టలేదు కదా. ఇవీ ఎవరో కొట్టించినవే. ఎవరివో కనుక్కుని ఇచ్చెయ్యండి, పాపం వెతుక్కుంటూ ఉంటారు."

జనం గొల్లుమన్నారు. నేనూ పెద్దమనసుతో నవ్వాను. "మామ్మగారూ, గిన్నెలు వేరు, సైన్సు వేరు," అనబోయాను. రొయ్యల మీద ఒకసారి వాడిన డైలాగే. సగం కూడా కాలేదు, వెనక నుంచి ఓ గొంతు వినిపించింది.

"అవి నాయే మామ్మా. నేనే కొట్టిచ్చిన."

తిరిగి చూస్తే మెట్ల దగ్గర మేరీ మేడం. చేతిలో చెల్లెలి పెళ్లి మిఠాయిల డబ్బా. నేరుగా బస్సు దిగి వచ్చినట్టున్నారు.

"ఏంటమ్మా మేరీ, నువ్వు కొట్టించడం ఏంటి?" అన్నారు ఎండీ గారు. శాలువా చేతిలో అలాగే ఉంది.

"మన ఎంజైము బాక్టీరియా లోపల తయారైతది కద సార్. దాన్ల వేల రకాల ప్రొటీన్లుంటయ్. అండ్ల మనది ఏదో ఎట్ల గుర్తు పట్టాలె? గందుకే ముందట ఇరవై అక్షరాలు మనమే అతికిస్తం. గా ఆరు హెచ్‌లు గొట్టంల పోసిన నికెల్ గోలీలకు పట్టుకుంటయ్. లాగితె మనది మనకొస్తది, మిగిల్నదంత పోతది. మామ్మ చెప్పినట్టే, పెండ్లిల గిన్నె కలిసిపోకుంట."

మునిగేవాడు గడ్డిపోచ వదలడు కదా. "మేడం, మరి జెల్లీఫిష్? ఎలుక? వరి? వాటికి కూడా మీరే అతికించారా?"

"నేనెందుకు అతికిస్త? దునియాల ప్రతి ల్యాబోళ్లు గిదే అతికిస్తరు తమ్మీ. అందరు ఒక్క దుకాణంలనే కొట్టిచ్చుకుంటరు."

షామియానా కింద ఈసారి నవ్వు మెల్లగా మొదలై, వెనక వరసల్లోకి పాకింది. నేను ఆఖరి అస్త్రం తీశాను. చెబుతున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది, తప్పు ఆవిడ మీదకి నెట్టాను. "ఇంత ముఖ్యమైన సంగతి నాకు చెప్పాలి కదా మేడం!"

"చెప్పలేదా? ఫ్లాపీ మీద రాసి పెట్టిన కద. ఏది, పట్టుకరా."

తెచ్చాను. ఆవిడ దాన్ని ఒకసారి చూశారు, నన్నొకసారి చూశారు. గోటితో నా ఎర్ర అంచు లేబుల్ మూల లేపి, సర్రున పీకి, కింద ఉన్న నలిగిన కాగితాన్ని ఎండీ గారికి అందించారు. ఎండీ గారి ఎదుట మైకుంది. మైకు ఆన్‌లో ఉంది. ఆయన పెన్సిలు రాతని కూడబలుక్కుంటూ చదివారు.

"ముందున్న... ఇరవై అక్షరాలు... నేను పెట్టినవి. తీసేసి వాడుము. మేరీ."

రాయదుర్గం గుట్టల్లో బండలు పేలినప్పుడు కూడా మా మేడ ఆ నవ్వులకి అదిరినంతగా అదరలేదు. ముఖ్య అతిథి గారు మాత్రం నవ్వలేదు. పకోడీ ప్లేటు కింద పెట్టి, "నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది," అన్నారు గంభీరంగా.

ఎండీ గారి మొహం ఎర్రబడింది. జేబులోంచి బయటికి చూస్తున్న నా ఆర్డరు మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. "సూర్యం, సోమవారం నుంచి నువ్వు..."

"చక్రం," అన్నారు మామ్మగారు. కొడుకు చేతిలోంచి శాలువా తీసుకుని మేరీ మేడం భుజాల మీద కప్పి, వెనక్కి తిరిగారు. "పిల్లాడి చూపు మంచిదేరా. తొమ్మిది గిన్నెల మీద పేరుందని ముందు చూసింది వాడే కదా. తొందరపాటు ఒకటే జబ్బు, అది తగ్గుతుంది. నలుగురిలో పట్టుచీర కట్టించి నా పేరు పెడతానన్నాడు. పెట్టేదాకా వాణ్ణి కదలనివ్వకు."

"అది కాదమ్మా..."

"రొయ్యలు పోయినప్పుడు నిన్ను ఇంట్లోంచి తీసేశానా?"

ఎండీ గారు వెళ్లి మైకు ఆపేశారు. అలా నా ప్రొబేషను వెంకాయమ్మ గారి పేరు పెట్టేవరకూ పొడిగించబడింది. ఇలాంటి షరతుతో ఉద్యోగం చేసినవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణేనని నా అభిప్రాయం. సైన్సు విషయంలో నా అభిప్రాయాల విలువ మీకిప్పుడు తెలుసనుకోండి.

మర్నాడు ఆదివారం. మదీనాగూడలో నా గది గుమ్మంలో కూర్చుని ఏడుపు దిగమింగుకుంటున్నాను. ఇంటి ఓనరు యాదయ్య గారు వచ్చి ఓ కవరు నా ఒళ్లో పడేశారు.

"నిన్న నువ్వు లేనప్పుడు వచ్చింది, నేనే దస్కత్ పెట్టిన. ఏంది పిలగా, నీకు నువ్వే రిజిస్ట్రీ రాసుకుంటున్నవా?"

చూస్తే, జిల్లా పరిషత్తుకి నేను పంపిన ఉత్తరం! పంపేవాడి చోటా నా లేబులే, అందుకునేవాడి చోటా నా లేబులే. ఆ రోజు గర్వంలో అన్నిచోట్లా నన్ను నేనే అంటించుకున్నాను. ఆ ఉత్తరం ఏలూరు మొహమే చూడలేదు. అంటే సర్కారు ఉద్యోగం ఇంకా బతికే ఉంది. రేపే ఆఖరు రోజు. మధ్యాహ్నం బస్సు పట్టుకుంటే చాలు, మాదాపూర్ మొహం ఇంకెప్పుడూ చూడక్కర్లేదు.

నిజం చెబుతున్నాను, సంచీ సర్దుకున్నాను. చొక్కాల మీద చొక్కాలు పెడుతుంటే మామ్మగారి మాట ఒకటి మాటిమాటికీ అడ్డం వచ్చింది: మిగతా రాతంతా గజిబిజిగా ఉంది. ఆ గజిబిజి కేసి నేను ఒక్కసారైనా చూశానా? నెలంతా ఇంకొకరు కొట్టించిన పేరు చూసి మురిసిపోయాను తప్ప, అసలు గిన్నె ఎలా ఉందో చూడనే లేదు. చూడాలనిపించింది. సిగ్గు కంటే ఆ కోరికే ఎక్కువగా ఉందని తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది. సంచీ విప్పేశాను.

నాన్నగారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, "కింద ఏం రాసుందో చదవకుండా పైన లేబుల్ అంటించావా? రికార్డు కీపరు కొడుకువి, ఎవరికీ చెప్పకు," అని పెట్టేశారు. సర్కారు ఉద్యోగం పోయినందుకు కాదు, ఆయన బాధ దానికి.

సోమవారం మేరీ మేడం ఎదుట కూర్చుని ఇరవై అక్షరాలూ కత్తిరించాను. మిగిలిన దాన్లో మెరిసే ముక్క ఏదీ లేదు. నాలుగు నెలలు ఇద్దరం కళ్లు కాయలు కాచేలా చూశాం. ఒక్కో బాక్టీరియాకి సంబంధించిన పాత పరిశోధనలన్నీ తిరగేశాం. చివరికి మూడు చోట్ల, ఒక అక్షరం ఇక్కడ, రెండు అక్షరాలు అక్కడ, మధ్యలో బోలెడు దూరం, అయినా తొమ్మిదింట్లోనూ అదే వరసలో కనిపించాయి.

"గిది అసల్ది తమ్మీ," అన్నారు మేరీ మేడం. "సూడు, నీ ఆరు హెచ్‌ల లెక్క డప్పు కొట్టలే. మూలకు కూసున్నది."

ఆ రోజు నాకు కలిగిన ఆనందం శాలువాలకి అందేది కాదు. విదేశీ కంప్యూటరుకి మళ్లీ మెయిల్ పంపాం. జాబు వచ్చింది. ఆ డొమైను నిజమైనదేనట. మేం పట్టుకున్నది సరైనదేనట. మూడేళ్ల క్రితమే ఎవరో దాన్ని కనిపెట్టి పేరు పెట్టేశారట.

ఎండీ గారితో కలిసి వెళ్లి మామ్మగారికి సంగతి చెప్పాం. ఆవిడ నిట్టూర్చారు. "అయితే ఆ గిన్నె మీద కూడా ఎవరో కొట్టించేసుకున్నారన్నమాట. సర్లే. పేరు సంగతి నేను చూసుకుంటాను. చక్రం, పిల్లాడికి ఆర్డరు ఇచ్చెయ్యి."

వారం తర్వాత మామ్మగారు నాకో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ పంపించారు. సభనాటి కాగితం చించి దుకాణానికి ఇచ్చి పంపారట. ఒక్కో గిన్నె అంచునా ఆ ఇరవై ఇంగ్లీషు అక్షరాలు, ఆరు హెచ్‌లతో సహా, దాని పక్కన తెలుగులో 'వెంకాయమ్మ'. నాలుగింటికీ అంచునే. ఒక్క అక్షరం తేడా లేదు. మామ్మగారు ఇప్పుడు లేరు. ప్రపంచం మొత్తం మీద వెంకాయమ్మ డొమైను ఉన్నది ఈ నాలుగు గిన్నెల్లోనే, అందులో ఇవాళ కూడా వంకాయ కూర ఉంది.

కాబట్టి, తాలూకాఫీసు రికార్డు కీపరు గారి కుమారుణ్ణయిన నేను, ఈ క్యారేజీ మీద చెయ్యి వేసి, పంచభూతాల సాక్షిగా, సమస్త బాక్టీరియాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కింద ఏం రాసుందో చదవకుండా దేని మీదా నా పేరు అంటించను, అంటించను, అంటించను.

ఈ ప్రమాణం శుభ్రంగా కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. ఐదువందల్లో మిగిలిన ఆఖరి లేబుల్ తీసి సంతకం కింద అంటించబోతూ, ఎందుకైనా మంచిదని ఆ కాగితం తిప్పి చూశాను. వెనకవైపు మా ఇంటి కరెంటు బిల్లు. కట్టాల్సిన ఆఖరు రోజు నిన్న.